981 రాకపోతే ఏం?

మొన్న మన సంఘం సంక్రాంతి సంబరాల్లో పిల్లల సైన్సు పోటీలో మొదటి బహుమతి సింపుల్ పెండ్యులం ప్రాజెక్టుకి వచ్చింది. బోర్డు ముచ్చటగా ఉంది. పట్టిక దగ్గర ఆగి చూసినవాళ్లకి మాత్రం మనసు చివుక్కుమని ఉంటుంది. ఐదు పొడవులు, ఒక్కోదానికి మూడు రీడింగులు, పదిహేనింట్లోనూ 'జీ' (భూమి ఆకర్షణకి కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు, పుస్తకాల్లో 981 సెం.మీ/సె²) విలువ 980కీ 982కీ మధ్యే. జడ్జీలు బాబుని అడిగితే పక్కనుంచి నాన్నగారు జవాబిచ్చారు. అదే సమయానికి పక్క హాల్లో పిల్లలు వేమన పద్యాలు అప్పజెబుతున్నారు. సైన్సుకో కప్పు, నీతికో కప్పు!

బాబుని అనాల్సిందేం లేదు. ఇది మన ఇంటర్ ల్యాబుల నుంచి వచ్చిన విద్యే. సీనియర్ రికార్డు చూసి దింపడం, కెమిస్ట్రీలో ఇచ్చిన సాల్ట్ ఏమిటో అటెండర్‌ని అడిగి తెలుసుకుని దానికి తగ్గ టెస్టులు రాయడం, 981 ముందే వేసుకుని టైము వెనక్కి లెక్కగట్టడం. ఎక్స్‌టర్నల్‌ ఎగ్జామినర్‌కీ తెలుసు, ఎవరూ తప్పనుకోలేదు. క్లాసు మొత్తానికి మూడు స్టాప్‌వాచీలుంటే ఇంకేం చేస్తారని సర్దిచెప్పుకోవచ్చు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుకో స్టాప్‌వాచీ ఉంది కదా.

అసలు ఆ లెక్క నిజంగా చేస్తే ఏమవుతుందో చూడండి. మీటరు పొడవు పెండ్యులానికి 20 ఊపులకి సుమారు 40.1 సెకన్లు పడుతుంది. వదలగానే 'సున్నా' అనకుండా 'ఒకటి' అని మొదలుపెట్టే పిల్లలే ఎక్కువ. అప్పుడు లెక్కలోకొచ్చేది 19 ఊపులే. టైము 38.1 సెకన్లు, దాన్ని 20తో భాగిస్తే జీ 1087 దాకా పోతుంది. పొడవు గుండు మధ్యబిందువు దాకా కాకుండా పైఅంచు దాకానే కొలిస్తే, రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న గుండుకి 971 వస్తుంది. 30 డిగ్రీలు లాగి వదిలితే 948కి పడిపోతుంది. అందుకే 5 డిగ్రీలు మించకూడదంటారు. ఇవేవీ లేకపోయినా, చేత్తో నొక్కే స్టాప్‌వాచీలో 0.2 సెకను అటూఇటూ అయితే చాలు, జీ పది దాకా మారుతుంది. పైగా 981 అన్నిచోట్లా నిజం కూడా కాదు. హైదరాబాదులో అది 978కి కాస్త పైన, ధ్రువాల దగ్గర 983. కాబట్టి చేత్తో తీసిన పదిహేను రీడింగులూ 981ని పట్టుకు వేలాడుతుంటే జడ్జి మెచ్చుకోకూడదు, నోట్‌బుక్ అడగాలి. 1087 వచ్చిన పిల్ల అది ఎందుకొచ్చిందో పట్టుకోగలిగితే కప్పు ఆమెదే కావాలి.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వి-3 రాకెట్ సముద్రంలో పడితే, ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందుకొచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరాక మాట్లాడమని, ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాంని ముందుకు పంపారు. ఈ కథ మన వేదికల మీద చెప్పుకుంటూనే ఉంటాం. నడుమ జరిగిన పని మాత్రం చెప్పం. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో వాల్వు ఇరుక్కుని, ఇంధనం మండటానికి కావలసిన ఆక్సిడైజర్ కారిపోయిందని వాళ్లు తేల్చుకున్నారు. రీడింగులు దిద్దుకునే అలవాటుంటే ఆ వాల్వు దొరికేదా?

పెద్దల సాయమే వద్దనడం అన్యాయం. పదేళ్ల పిల్లాడి చేతికి డ్రిల్లు ఎలా ఇస్తాం? ఐసెఫ్ లాంటి పెద్ద అంతర్జాతీయ స్కూలు సైన్సు పోటీలోనే, పిల్లల పనిని చూసుకునే అడల్ట్ స్పాన్సర్‌కి ఓ ఫారం ఉంది, బయటి ల్యాబులో పని చేస్తే 1సీ అని ఇంకోటి. సాయం తప్పు కాదు, దాస్తేనే తప్పు.  

కమిటీవారికి మనవి. ఉగాది పోటీకి బోర్డుతో పాటు కుట్టిన నోట్‌బుక్ తప్పనిసరి చేయండి, స్పైరల్ వద్దు, పేజీ చింపినా తెలియదు. పెన్నుతోనే రాయాలి, ప్రతి పేజీకీ తేదీ ఉండాలి. తప్పు రీడింగుని వైట్‌నర్‌తో చెరపకుండా ఒక్క గీత కొట్టి, ఎందుకు కొట్టేశారో పక్కన రాయాలి. ప్రతి కొలతా ఐదుసార్లు, ఐదూ పట్టికలో ఉండాలి, సగటు ఒక్కటే చూపిస్తే కుదరదు. పెద్దవాళ్లు చేసిన పనికి చివర ఓ పేజీ: కత్తిరించింది నాన్న, గ్రాఫు గీసింది అక్క, అలా. వందలో నలభై మార్కులు నోట్‌బుక్‌కే, బోర్డు అందానికి పది మించొద్దు. మొదటి ఏడాది బోర్డులు వెలవెలబోతాయి, ఫొటోలకి బాగుండవు, కొందరు అమ్మానాన్నలు అలుగుతారు కూడా. జడ్జీలు పిల్లలతో మాట్లాడే ఐదు నిమిషాలూ ఆ అమ్మానాన్నల్ని టీ కౌంటర్ దగ్గరే ఉంచే పూచీ వాలంటీర్లది.