వరద తీశాక వచ్చే విలేకరి కావాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసినప్పుడు టీవీలు ఏ నాయకుడు ఏ పడవ ఎక్కాడో చూపిస్తూ కూర్చున్నాయి. మేడల మీద చిక్కుకున్నవాళ్లకి కరెంటే లేదు. ఎక్కడో దూరాన ఉన్న వాళ్ల పిల్లలు ఫోన్లలో వెతుక్కున్నది వేరే: నీళ్లు ఇంకా పెరుగుతాయా, ఫ్లైఓవర్ దాకా ఎలా రావాలి, మంచినీళ్లు ఏ వీధి దాకా అందుతున్నాయి. ఆ రోజుకి మంచి జర్నలిజమంటే ఈ మూడింటికి జవాబు.

అసలు పని వరద తీశాక ఉంటుంది. నా కోపమంతా అక్కడే. ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది కాబట్టి సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెలగలేరు దగ్గర బుడమేరు నీటిని మళ్లించే కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు దిగదు, ఎగదన్నుతుంది. పైనుంచి బుడమేరు, కింద కృష్ణ, మధ్యలో కాలువ కట్టకి గండ్లు. కట్ట మీద నడిచి, కాలువ కాపలా చూసే లస్కరునీ ఇంజనీరునీ అడిగి, మ్యాపు వేసి ఈ సంగతి చెప్పే ఒక్క వార్త పది డిబేట్ల పెట్టు. అది చదివినవాడు రేపు కార్పొరేటర్ని నిలబెట్టి, గండి పూడ్చిన చోట కట్ట ఎంత లేపారని అడగగలడు.

మనకి దొరికిందేంటి? ఒక పేపర్లో తప్పంతా ఈ ప్రభుత్వానిది, ఇంకో పేపర్లో పాత ప్రభుత్వానిది. బీసెంట్ రోడ్డులో ఎవర్ని అడిగినా ఏ పేపరు ఏ పార్టీదో చెప్పేస్తారు. ఎవరి పేపరు వాళ్లు చదివి ఎవరి కోపం వాళ్లు పెంచుకుంటే కట్ట సంగతి పట్టించుకునేదెవరు?

విలేకరుల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ బతుకు చూడండి. చాలామందికి జీతమే ఉండదు, లైను లెక్కన వచ్చేది పెట్రోలుకి చాలదు. పైగా ఉగాదికీ ఆగస్టు 15కీ యాడ్ల టార్గెట్. ఆ యాడ్లిచ్చేదెవరు? రైసుమిల్లు ఓనరు, ప్రైవేటు ఆస్పత్రి, ఇసుక కాంట్రాక్టరు. రేపు ఇసుక లారీల మీద వార్త రాయాలంటే ఏ ధైర్యంతో రాస్తాడు? తెగించి రాసినా డెస్కులో ఆగిపోదని నమ్మకమేంటి? దీనికి జవాబు చెప్పాల్సింది యాజమాన్యాలు.

ఊరి వార్తకి బలం లేదనకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఆ కబురు పేపర్లే ఊరూరికీ మోసుకెళ్లాయి. 1993లో సారా నిషేధం వచ్చింది.

నేనడిగేది పెద్దదేం కాదు. ఒక్క విలేకరికి సరైన జీతమిచ్చి, యాడ్ల బాధ తప్పించి, ఏడాదంతా బుడమేరు మీద పెట్టండి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి కదా. కట్ట పనులకి మంజూరైందెంత, ఖర్చయిందెంత, జరిగిన పనెంత, ప్రతి నెలా జిల్లా పేజీలో వేయండి. ప్రభుత్వం మారినా అదే లెక్క అలాగే వేయండి. అలాంటి పేపరుకి రెట్టింపు చందా కట్టడానికి నేను సిద్ధం.