రాక్ మ్యూజికల్‌కి అతికించిన గడ్డాలు ఎందుకు?

ఈస్టర్ దగ్గరపడితే చాలు, చెన్నైలోని తెలుగు సంఘాల యువత ఏదో ఒక నాటిక మొదలుపెడుతుంది. గిటార్, డ్రమ్స్ వాయించే పిల్లలు వాళ్లలో చాలామందే ఉన్నారు. మామూలు నాటిక బదులు, యేసు చివరి రోజుల కథని రాక్ పాటల్లో చెప్పే ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ లాంటి రాక్ మ్యూజికల్ వేస్తే ఎంత బాగుంటుంది! అయితే పాటలు కుదరకముందే సినిమా డ్రెస్ కంపెనీకి పరుగెత్తి తెల్ల అంగీలు, ఎర్ర శాలువాలు, అతికించే గడ్డాలు, థర్మోకోల్ స్తంభాలు అద్దెకు తెచ్చేస్తేనే నాకు బాధ.

ఆ రూపం మన కళ్లలోకి క్యాలెండర్ బొమ్మల నుంచి, 1978 నాటి ‘కరుణామయుడు’ నుంచి వచ్చింది. ఆ సినిమా అంటే నాకూ ప్రాణమే. కానీ సూపర్‌స్టార్‌లో విడిగా సంభాషణలు దాదాపు ఉండవు, కథంతా పాటల్లోనే నడుస్తుంది, అదీ ఎక్కువగా యేసును డబ్బుకి పట్టించిన శిష్యుడు యూదా వైపు నుంచి. డ్రమ్స్ హోరులో సగం మాటలు వినపడవు కాబట్టి ఎవరు ఎవరో బట్టలే చెప్పాలి. పన్నెండు మంది శిష్యులకీ ఒకే రకం అంగీ తొడిగితే చివరి వరుసలో కూర్చున్నవాళ్లకి పేతురెవరో యూదా ఎవరో ఎలా తెలుస్తుంది?

అసలు బట్టలు ఎక్కడ ముఖ్యమో సువార్తలే చెప్పేశాయి. గలిలయ పాలకుడు హేరోదు యేసును అపహసించి ప్రశస్తమైన వస్త్రం తొడిగించి రోమా అధికారి పిలాతు దగ్గరికి తిప్పి పంపాడని లూకా రాశాడు. తర్వాత సైనికులు ఇంకో అంగీ వేశారు, మత్తయిలో అది ఎర్రది, మార్కు, యోహానులలో ఊదా రంగుది. ఎగతాళి అయిపోయాక దాన్ని లాగేసి ఆయన బట్టలు ఆయనకే తొడిగారు. చివరికి సిలువ దగ్గర ఆ బట్టల్ని నాలుగు భాగాలు చేసుకుని, పైనుంచి కింది వరకు కుట్టు లేకుండా నేసిన అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. ప్రతిసారీ బట్ట వేసేదీ విప్పేదీ వేరేవాళ్లే. ఇంతకంటే గొప్ప కాస్ట్యూమ్ ప్లాన్ ఏ డిజైనర్ ఇవ్వగలడు? మొదటి పాట నుంచే యేసు జరీ అంచుతో మెరిసిపోతుంటే హేరోదు వేసే ఆ వస్త్రానికి విలువేముంటుంది, ఎగతాళి ఎక్కడ తగులుతుంది? అందుకే ఆయన రంగు వెయ్యని ముతక చేనేత బట్టలోనే ఉండాలి. ఖర్చు పెట్టదలిస్తే హేరోదు, పిలాతు, ప్రధాన యాజకుల మీద పెట్టండి.

1971లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదటిసారి దీన్ని వేసినప్పుడు ఆర్భాటం మీదే దృష్టి పెట్టారు, ఆ ప్రదర్శన తనకు నచ్చలేదని సంగీతం కట్టిన ఆండ్రూ లాయిడ్ వెబ్బరే చెప్పాడు. 2016లో లండన్ రీజెంట్స్ పార్క్‌లో వేసినవాళ్లు యూదా డబ్బు తీసుకున్నాక అతని చేతులకు వెండి రంగు అంటేలా చేశారు. ఆ రంగు వదలదు, తర్వాత పాడే ప్రతి పాటలోనూ కనిపిస్తూనే ఉంటుంది. కొరడా దెబ్బలకు రక్తం బదులు మెరుపు పొడి చల్లారు. ఇలాంటి ఆలోచనకి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు, ధైర్యం కావాలంతే.

మన ఎండల సంగతీ చూడండి. ఏప్రిల్‌లో, లైట్ల కింద, వెల్వెట్ వేసుకుని గంటన్నర ఎగురుతూ పాడాలంటే గొంతు ఉంటుందా? చెమటకి గడ్డం జిగురు ఊడిపోతుంది. పల్చటి అంగీ వేస్తే నడుము దగ్గర మైక్ బ్యాటరీ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, దాన్ని దాచడానికి లోపల బెల్టు కుట్టించమని టైలర్‌కి ముందే చెప్పుకోవాలి. రిహార్సల్స్ కూడా ఆ బట్టల్లోనే చెయ్యాలి.

సెట్ అంటారా, సురభి నాటక సమాజం వాళ్ల తెరలంటే నాకు గౌరవం, 1885 నుంచి వస్తున్న విద్య అది. మాయలున్న కథలకి అది సరిపోతుంది. ఇక్కడ బ్యాండ్ కూడా వేదిక మీదే ఉండాలి. ఎగ్మూరు మ్యూజియం థియేటర్ లాంటి చోట జనం వంపుగా కూర్చుంటారు, పక్కల నుంచి చూస్తే అట్ట స్తంభం అట్టగానే కనిపిస్తుంది. భవనాలు కట్టేచోట వాడే ఇనుప పైపుల పరంజా రెండు అంతస్తులు బిగించండి, పైన యాజకులు, కింద జనం, మధ్యలో డ్రమ్స్. అధికారం ఎవరిదో నిలబడిన ఎత్తే చెబుతుంది. పైపులకి అడ్డు కడ్డీలు గట్టిగా బిగించి, పైకెక్కే పిల్లల బరువు ఆగుతుందో లేదో పరంజా కట్టే మేస్త్రీ చేతే చూపించండి. ఆ పైపుల్లోనే రెండు అడ్డంగా కలిస్తే సిలువ అవుతుంది, దానికోసం వేరే నాటక సామాను అద్దెకు తేనక్కర్లేదు.