సవరణ: కాంపోజిషన్ హోటళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ తీసుకోకూడదు

నల్లగొండలో కొత్తగా హోటల్ పెట్టేవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాలపై ఒక స్థిర శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు బిల్లుపై 5 శాతం జీఎస్టీ వేసుకోవచ్చని రాశాను. అది తప్పు, క్షమించండి.

ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు ఉండి ఈ స్కీమ్ తీసుకున్న హోటల్, అమ్మకంపై 5 శాతం తానే కట్టాలి. కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఇచ్చేది టాక్స్ ఇన్‌వాయిస్ (పన్ను విడిగా చూపే బిల్లు) కాదు, బిల్ ఆఫ్ సప్లై (పన్ను వేయని బిల్లు). పన్ను వసూలు చేసే అర్హత లేదని దాని పైనే రాయాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

అంటే 160 రూపాయల బిర్యానీలో 8 రూపాయలు మీ చేతి నుంచే పోతాయి. మెనూ రేటు పెట్టేటప్పుడే ఆ లెక్క చూసుకోండి. నా పోస్టు చూసి బిల్లు పుస్తకాలు అచ్చు వేయించినవాళ్లుంటే దయచేసి వాటిని వాడకండి.