రిటైరైన మనిషిని పిసినారి అనే ముందు

ఇప్పుడే కల్యాణదుర్గం రోడ్డులో ఒక పెళ్లి నుంచి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. చదివింపుల దగ్గర మా నాయన రూ.516 రాయిస్తే, వెనకే నిలబడిన చిన్నాయన పదిమందికీ వినబడేలా అన్నాడు: "రిటైరైనాక అన్న చెయ్యి బిగిసిపోయిందప్పా!" అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అదే నాకు ఎక్కువ కాలింది.

ఈ నాయనే కదిరి బస్సులో కండక్టర్‌గా ఉన్నప్పుడు, డబ్బులు చాలని ముసలమ్మలకు తన జేబులోంచి వేసుకుని టికెట్ కొట్టేవాడు. అప్పుడు తెల్లారకముందే డ్యూటీ, చుట్టూ జనం, నెల తిరిగితే జీతం. ఆ నిబ్బరం ఉంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఇప్పుడు నిద్ర లేదు, షుగర్ పెరిగింది, కరెంటు బిల్లును తిప్పి తిప్పి చదువుతున్నాడు. గుణం మారలేదయ్యా, భయం పైకొచ్చింది! భయంతో ఖర్చులు తగ్గించాడు, ఖర్చని నలుగురిలోకి పోవడం మానేశాడు, పోక ఆరోగ్యం ఇంకా చెడింది.

దానికి మన వాళ్ల సలహాలు: యోగా చెయ్యి, గుడికి పో, మనవళ్లను ఆడించు. ఏళ్ల తరబడి బస్సెడు జనంతో మాట్లాడిన మనిషిని మూలన కూర్చోబెట్టి "హ్యాపీగా ఉండు" అంటే ఉంటాడా? 2022లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 చేసినప్పుడు ఎంత సంబరపడ్డాడో నేను చూశాను. బంధువులేమో జీతం కోసమే అనుకున్నారు.

1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు అమెరికా సైకియాట్రిస్టులు జీవితంలో వచ్చే మార్పులకు ఒత్తిడి మార్కులు వేశారు. పెళ్లికి 50, రిటైర్మెంట్‌కు 45. ఐదే తేడా! పెళ్లికొడుకుకేమో బ్యాండు, ఓలిగలు. రిటైరైనవాడికి శాలువా. అదీ అనంతపురంలో, మే నెలలో!

అయినా పిసినారితనం గురించి మాట్లాడేది ఎవరు? బోరు వేయించాలని మా నాయనతో పీఎఫ్ లోను పెట్టించిన చిన్నాయన! నీళ్లు పడలేదు, వేరుశనగ ఎండిపోయింది. సరే, మన జిల్లాలో అది ఎవరికైనా జరిగేదే. తర్వాత దానిమ్మ కలిసొచ్చి కారు కొన్నప్పుడు, ఏసీ హాల్లో కూతురి పెళ్లి చేసినప్పుడు ఆ బాకీ గుర్తు రాలేదా? నాయన ఒక్కసారైనా అడిగాడా? "తమ్ముడే కదా, ఇస్తాడులే" అని మా నోళ్లు కూడా మూయించాడు.

ఇది ముందు ఫ్యామిలీ గ్రూపులోనే పెట్టాను. తీసెయ్యమని అమ్మ పక్కనుంచి పోరుతోంది. తీయను. చిన్నాయనా, చూశావని తెలుసు, నీ పేరు పక్కన బ్లూ టిక్కులు పడ్డాయి. నాయన ఫోన్‌పే నంబరు పాతదే.