గ్రంథాలయంలోని సలహాల రిజిస్టర్ గారికి

మహారాజశ్రీ సలహాల రిజిస్టర్ గారి సముఖమునకు,

నల్లగొండ, పాలమూరు దిక్కు పాఠకులు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తమరు పేపర్ల బల్ల చివర, దారంతో కట్టిన పెన్నుతో సహా కొలువై ఉన్నారు. తమ పేజీలనిండా మా రాతలే: ఫ్యాన్ బాగుచేయించండి, గ్రూప్-2 పుస్తకాలు కొత్తవి తెప్పించండి, నీళ్ల క్యాన్ పెట్టించండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టేది మేము, సలహాలు కూడా మేమే ఇయ్యాల్నా? జర ఒక్కసారి తిరగబడి, మాకే ఒక సలహా ఇచ్చి చూడండి. అదీ మాయలు, మంత్రాల నవల కావాలన్నవాడికి. అందరికన్నా ఎక్కువ తిప్పలు పడేది వాడే.

ఎందుకంటారా? పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు నవల నంబరు 894.8273. ఏడు సముద్రాల అవతలి రాకుమారికీ, అత్తాకోడళ్ల పంచాయితీకీ అదే నంబరు. అట్ట మీద చీటీ చూసి మాంత్రికుణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రచయితను ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట సొంత పేరుతో ఎక్కిస్తే ఒకాయన పుస్తకాలే రెండు బీరువాల్లో విడి కాపురం పెడతాయి. వారపత్రిక సీరియల్ కత్తిరించి కుట్టించిన బైండు పుస్తకాల వీపు మీద పేరే ఉండదు. వాటి జోలికి పోయేది చెదలొక్కటే.

ఇక అడిగే తీరు. "మంత్రాల నవల ఉందా?" అంటే చేతికి క్షుద్ర నవల వస్తుంది. వాడికి కావాల్సింది ఎగిరే గుర్రం, దొరికేది శ్మశానంలో నిమ్మకాయ. జానపద నవల వేరు, క్షుద్రం వేరు, పురాణాన్ని మలిచి రాసిన నవల వేరు, సైన్సు కల్పన వేరు. ఈ నాలుగూ విడదీసి అడగడం ఎవరికీ నేర్పలేదు, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. తమరిని తప్ప.

అమెరికా, కెనడాల్లో చాలా పబ్లిక్ లైబ్రరీల్లో దీనికొక ఫారం ఉంటుంది. పాఠకుడు తన రుచి రాసిస్తాడు, లైబ్రేరియన్ అతనికి తగిన నాలుగైదు పుస్తకాల పేర్లు కొద్ది రోజుల్లో పంపుతారు. మనకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. తమ వెనక సగం ఎట్లాగూ ఖాళీనే కదా, అక్కడ గీతలు కొట్టండి. సభ్యత్వ నంబరు చాలు, పేరు వద్దు. ఎవరు ఏం చదువుతున్నారో పక్కవాడికి ఎందుకు? నచ్చిన పుస్తకాలు రెండు, సగంలో వదిలేసింది ఒకటి. ఈ మూడోదే అసలు కీలకం. నచ్చినవి అందరూ ఒకటే చెబుతారు, విసుగు మాత్రం ఎవరిది వాళ్లదే. ఎన్నో పేజీ దగ్గర వదిలేశారో కూడా రాయించండి. ముప్పయ్యో పేజీలో ఆపినవాడికి నడక నచ్చలేదు, మూడొందల దగ్గర ఆపినవాడికి కథ సాగదీసినట్టు అనిపించింది.

తర్వాత, ఏ తలుపున లోపలికి పోతారని అడగండి. సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ పుస్తకానికి నాలుగు తలుపులు చెప్పింది: కథ, పాత్రలు, చోటు, భాష. దేవరకొండ కోట చూస్తూ పెరిగినవాడు, నల్లమల అంచున ఉండేవాడు చోటు తలుపునే తట్టొచ్చు. వాడికి కోటలూ గుహలూ ఉన్నదే ఇయ్యాలి, కథ కొంచెం నెమ్మదైనా పర్వాలేదు. వద్దన్నవీ రాయించండి: నెత్తురు వద్దు, దయ్యాలు వద్దు, రెండు భాగాలు దాటొద్దు.

జవాబుగా మూడు పేర్లు చాలు. ఒకటి అచ్చం అడిగినట్టు, ఒకటి పక్క వీధిది, ఒకటి వాడు కలలో కూడా అడగనిది. ఒక్కోదానికి ఎందుకు ఇస్తున్నారో ఒక్క వాక్యం. పేరు రాసే ముందు బీరువా తెరిచి చూడాలి. రెండో భాగం మాత్రమే ఉన్న నవల సలహా ఇయ్యడంకన్నా ఊరుకోవడం పుణ్యం. పుస్తకం వెనక తేదీ చీటీ కూడా చూడండి. ముద్రలు దగ్గర దగ్గరగా పడితే జనం గబగబా చదివి తెచ్చారని అర్థం. తమకన్నా ఆ చీటీయే మంచి సలహాదారు, కోపం తెచ్చుకోకండి.

ఇదంతా పరాయి వింత అనుకునేరు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో గోవులు కాచే కుర్రవాడు మజిలీలో చూసిన వింత అడుగుతాడు, వాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి పోయే మణిసిద్ధుడు దాని కథే చెబుతాడు. పిల్లవాడు అడిగింది ఒకటైతే ఆయన కరెంట్ అఫైర్స్ చేతిలో పెట్టలేదు. మన దేశపు గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ 1931లోనే సూత్రం రాశారు, ప్రతి పాఠకుడికీ వాడి పుస్తకం అని. తమ అట్ట మీద ఆయన బొమ్మ అతికిస్తే సరిపోదు.

ఒక్క విన్నపం. జాబితాలో పుస్తకం పక్కన "చివరి ఆకులు లేవు" అని ముందే రాయండి.

ఇట్లు,
మాంత్రికుడి ప్రాణం ఏ చిలకలో ఉందో ఇప్పటికీ తెలియని పాఠకులు