ఇంగువకు ప్రవేశం లేదు

జూన్ 12న బడులు తెరిచారు. మా పాప బడిలో పుస్తకాలు ఇంకా రాలేదు, లెక్కల టీచరు కూడా రాలేదు. లంచ్ బాక్సు సర్క్యులర్ మాత్రం మొదటిరోజే వచ్చేసింది. రెండు పేజీలు. పైన బడి ముద్ర, కింద ప్రిన్సిపాల్ సంతకం, ఆ కింద మేం సంతకం చేసి చింపి పంపాల్సిన చీటీ: ‘పై నిబంధనలు చదివాను, అంగీకరిస్తున్నాను.’ ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా కాగితాలు చదవలేదు నేను.

రెండో తరగతి పిల్ల మధ్యాహ్నం ఏం తినాలో అందులో తేల్చేశారు. సోమవారం శాండ్‌విచ్, మంగళవారం పాస్తా, బుధవారం రోల్, గురువారం గార్లిక్ బ్రెడ్, శుక్రవారం ‘తల్లిదండ్రుల ఇష్టం’. ఇష్టం అన్నారు కదా అని సంబరపడకండి. దాని పక్కనే చుక్క పెట్టి, అడుగున చిన్న అక్షరాల్లో షరతులు: డ్రై లంచ్ మాత్రమే పంపాలి. అన్నం వద్దు. ఒలికేవి వద్దు. చేతికి అంటేవి వద్దు. ఘాటైన వాసన వచ్చేవి అసలే వద్దు. ఇవన్నీ పోగా మిగిలిన ఇష్టాన్ని మనం స్వేచ్ఛగా బాక్సులో పెట్టుకోవచ్చు. పైగా ఇవన్నీ ‘అయిదు నిమిషాల్లో అయిపోయే సులభమైన వంటలు’ అని ఓ భరోసా. ఆ అయిదు నిమిషాలు సర్క్యులర్ టైపు చేయడానికి పట్టిన సమయమై ఉంటుంది.

నేను చట్టానికి కట్టుబడే మనిషిని. మంగళవారం పాస్తా చేశాను. పొద్దున ఆరున్నరకి అది పాస్తానే. ఏడూ పదికి బస్సెక్కినప్పుడు కూడా పాస్తానే. పన్నెండూ ఇరవైకి మా పాప ఫోర్కు గుచ్చి ఎత్తితే మొత్తం ఒక్క ముక్కగా, డబ్బా ఆకారంలో, పుల్లకి ఐస్‌ఫ్రూట్ లేచినట్టు లేచిందట. తినలేదు గానీ క్లాసులో అందరికీ చూపించిందట.

సరే, మాకూ తెలివితేటలు ఉన్నాయి. తోటి తల్లిదండ్రులు ఫోన్లలో పంచుకునే ఫొటోలు గమనిస్తే ఒక రహస్యం దొరికింది. అన్నం నిషేధమే కానీ, అన్నాన్ని పాండా ఆకారంలో అచ్చు వేస్తే అది అన్నం కాదు, బెంటో, అంటే జపాన్ తరహాలో ముస్తాబు చేసిన లంచ్ బాక్సు. బెంటోకి టీచరు నుంచి చప్పట్ల బొమ్మలు వస్తాయి. ఇంకేం, శుక్రవారం పొద్దున అయిదింటికి లేచి దద్దోజనంతో పాండాని కట్టాను. గిన్నె బోర్లిస్తే తల, గరిటెతో పొట్ట. పోపులోంచి రెండు ఆవాలు ఏరి కళ్లు పెట్టాను. కరివేపాకులు చెవులు. పాండా చెవులు పచ్చగా ఉండవని మా ఆవిడ అభ్యంతరం చెప్పింది, పట్టించుకోలేదు. ఎండుమిరప ముక్కని వంచి నవ్వుతున్నట్టు నోరు. నిజంగా చెబుతున్నా, నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ పనికీ అంత గర్వపడలేదు.

మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర పాండాకి పక్షవాతం వచ్చి ఉంటుంది. బాక్సు తెరిచేసరికి కళ్లు రెండూ ఒకే చెంపకి జారి, మిరపకాయ నోరు నుదుటికి ఎక్కి, ఏదో క్షుద్రదేవత వాలకంలో కనబడిందట. పక్క బెంచీ పిల్లాడు ఏడ్చాడట. అయినా రూపం వల్ల పట్టుబడలేదు, ఇంగువ పట్టించింది. సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో ఒకటే వాక్యం: ‘దయచేసి అన్నం పంపవద్దు.’

ఆ దద్దోజనం మా అమ్మ చేసే పద్ధతిలోది. అన్నం వేడిగా ఉన్నప్పుడే మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టేది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి డబ్బాలోనే తోడుకుని, పులవకుండా కమ్మగా ఉండేది. చింతపండు పులుపు, నూనె పట్టించిన పులిహోర తిరుపతి రైల్లో రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నకి ఇంకా రుచెక్కేది. చల్లారాక తినే తిండి ఎలా కట్టాలో మనకి మయోనీస్ రాసిన రొట్టెముక్కలు పాఠం చెబుతున్నాయి!

ఇంతకీ ఘాటైన వాసన అంటే ఏ వాసన? గురువారం గార్లిక్ బ్రెడ్ పంపొచ్చు. వెల్లుల్లి కారం పంపకూడదు. వెల్లుల్లికి ఇంగ్లీషులో వాసన రాదన్నమాట.

మా పాప పక్కన కూర్చునే పిల్ల బుధవారం చపాతీలో ఎండు రొయ్యల వేపుడు చుట్టి తెచ్చింది. రోల్ అన్నారు, రోలే తెచ్చింది. అన్నం కాదు, ఒలకలేదు, చేతికి అంటలేదు. బాక్సు మూత తీయగానే ఎవరో ముక్కు మూసుకున్నారు. ఆయా వచ్చి ఆ పిల్లని లేపి కుళాయిల పక్కన ఒంటరిగా కూర్చోబెట్టింది. మా పాప ఇదంతా హోంవర్కు రాసుకుంటూ మామూలుగా చెప్పింది. మర్నాటి నుంచి ఆ పిల్ల బిస్కెట్ ప్యాకెట్ తెచ్చుకుంటోందట.

ఏడేళ్లు దానికి. వాళ్లమ్మ ఏ నాలుగింటికో లేచి చేసిన కూర అది. ఇల్లు అద్దెకిచ్చే ముందు ‘మీరేం తింటారు’ అని అడిగే ఊరు మనది. ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇప్పుడది రెండో తరగతికి దిగింది, పరిశుభ్రత అని పేరు మార్చుకుని. ఇంట్లో వండిన కూరకి సిగ్గుపడటం నేర్పడానికా ఏడాదికి లక్షా ఇరవై వేలు కడుతున్నాం? సిగ్గుండాలి. పిల్లకి కాదు.

మా పాప బడి గోడకి అవతల సర్కారు బడి ఉంది. బియ్యం గింజలు పంచి చేతులు దులుపుకోవడం కుదరదు, వండి పెట్టండి అని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెబితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి మొదలైన భోజనం అక్కడ వడ్డిస్తారు. ప్రైమరీ పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ లెక్క. వండే ఆడవాళ్లకి కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం 2009లో నెలకి 1000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. రాష్ట్రాలు పైన కొంత కలుపుతున్నాయి గానీ ఆ వెయ్యిలో గౌరవం ఎంతో, వేతనం ఎంతో ఎవరూ విడదీసి చెప్పరు. పప్పు నీళ్లగా ఉంటుందని, గుడ్డు ఒక్కోసారి రాదని ఫిర్యాదులుంటాయి, ఉండాలి కూడా. కానీ పన్నెండున్నరకి ఆ గోడ మీదుగా పప్పు తాలింపు వాసన వస్తుంది. ఫీజు కట్టిన పిల్లలు చల్లారిన పాస్తా గుచ్చుకుంటూ ఆ వాసన పీలుస్తుంటారు. దాన్ని ఆపే సర్క్యులర్ ఇంకా రాలేదు.

చీటీ ఇంకా పంపలేదు. రాత్రి భోంచేస్తూ మళ్లీ చదువుతుంటే సంతకం పెట్టాల్సిన చోట ఆవకాయ నూనె పడింది. తుడిస్తే ఇంకా పాకింది. ఎర్రగా, రూపాయి బిళ్లంత. కవరులో పెట్టి అంటించినా ఘాటు తెలుస్తూనే ఉంది. సోమవారం శాండ్‌విచ్‌తో పాటు అలాగే పంపిస్తున్నాను.