కాపీ, పేస్ట్ అంటే సరిపోతుందా?

“పాత కంప్యూటర్లో ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్తదాంట్లో పెట్టేస్తే పోలా!” అనేవాళ్లకో దండం. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాతకాలపు ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఒక్కటీ ఎక్కదు. 20 జీబీ ఖాళీ కళ్లెదుటే ఉన్నా ఫైల్ మరీ పెద్దదంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నవన్నీ ముందు వేరేచోట దాచుకుని.

పోనీ పాత డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెడదామా? డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఆన్‌లో ఉందనే చాలామందికి తెలీదు. పాత మెషిన్ బతికుండగానే దాన్ని ఆపేయాలి.

డాక్యుమెంట్లు, ఫొటోలు వచ్చేశాయి కదా అని చేతులు దులుపుకుంటే అసలు సినిమా అప్పుడే మొదలు. సెట్టింగుల్లో చాలావరకు యాప్‌డేటా ఫోల్డర్లో ఉంటాయి. దాన్నేమో విండోస్ దాచిపెడుతుంది! క్రోమ్ ప్రొఫైల్ మొత్తం మోసుకొచ్చినా బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డులు రావు. వాటి తాళం పాత విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది మరి. పాత మెషిన్లోనే సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసి, కొత్తదాంట్లో ఎక్కించాక వెంటనే చెరిపేయాలి. అందులో పాస్‌వర్డులన్నీ బట్టబయలుగా ఉంటాయి.

ఇక తెలుగు డీటీపీ వాళ్ల గోడు ఎవరికి చెప్పుకోవాలి? అను ఫాంట్లలో కొట్టిన పేజ్‌మేకర్ ఫైలు కొత్త సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అది అన్ని సిస్టంలకూ అర్థమయ్యే యూనికోడ్ కాదు, గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టినా తెలుగవదు. ఫైలుతో పాటు సరిగ్గా అవే ఫాంట్లు రావాలి. టైపు కొట్టడానికి అను వాళ్ల స్క్రిప్ట్ మేనేజర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఆ సీడీ ఏ అటక మీద ఉందో!